ఏడో ఇల్లు

పొద్దున్నే భోజనాల బల్ల మీద సర్వే కాగితాలు పరుచుకుని కూర్చుంది చిన్నది. మొత్తం నలభై. వీధుల్లో ఏడేసి ఇళ్ళకొకటి చొప్పున తలుపు తట్టి, నాయకుడి పాలన ఎలా ఉంది, మళ్ళీ ఆయనకే ఓటేస్తారా అని అడిగి రాసుకురావడం ఆమె ఉద్యోగం. కాగితం మీద పేరుండదు, ఇంటి నంబరు ఉంటుంది. "మీరు చెప్పింది మూడో మనిషికి తెలియదండీ" అని ప్రతి గడపలోనూ మాటిచ్చి మరీ రాసుకుంది. పదింటికల్లా ఆ కట్ట ఆఫీసులో అప్పగించాలి.

ఆమె అన్న, ఇంట్లో అందరూ పిలిచే పేరు పెద్దాడు, ఆ వార్డుకి అధికార పార్టీ ఇన్‌చార్జి. నాలుగేళ్ళ కిందటి దాకా బళ్ళు బాగుచేసుకునేవాడు. పార్టీలో చేరాక చొక్కా తెల్లబడింది, గొంతు పెరిగింది, చెయ్యి అదుపు తప్పింది. ఆ చెయ్యి ఎప్పుడు ఎవరి మీద లేస్తుందోనని ఇంట్లో గిన్నె కూడా చప్పుడు కాకుండా దించేది తల్లి.

ఆ రోజు ఫోన్లో ఎవరో అతనికి కిందటి వారం సర్వే లెక్క చెప్పారు.

"నూటికి ఇరవై ఏడుగురేనా మనకి! నా వార్డులోనా!" అని అరిచి ఫోన్ గోడకేసి కొట్టాడు. ముక్కలు టీ గ్లాసు దాకా ఎగిరాయి. "ఆ కాగితాలు ఇటివ్వవే."

"ఇవ్వను. అవి ఆఫీసువి."

"నా నాయకుణ్ణి తిట్టినవాళ్ళెవరో నాకు తెలియొద్దా?"

"తెలియకూడదనేగా మాటిచ్చింది! నమ్మి చెప్పారన్నయ్యా."

"నాతో రోడ్డు వేయించుకున్నప్పుడు నోరెత్తారా వీళ్ళు? నిన్ను చూసేసరికి నోళ్ళు పుట్టుకొచ్చాయా?"

చిన్నది కట్టను గుండెలకి హత్తుకుంది. అతను కుర్చీని తన్నాడు. చెంప మీద పడిన దెబ్బకి ఆమె పెదవి చిట్లి రక్తం కారింది. అయినా వదల్లేదు, మొండిఘటం. "ఒరేయ్, ఆడపిల్లరా!" అంటూ తల్లి అడ్డు రాబోతే ఒక్క తోపు తోశాడు. మోచెయ్యి గుమ్మానికి తగిలి ఆవిడ అక్కడే కూలబడింది. తల్లిని చూసిన ఆ క్షణంలో చిన్నదాని పట్టు సడలింది. కాగితాలు అతని చేతికి చిక్కాయి.

చకచకా తిప్పుతూ ఒకదాని దగ్గర ఆగాడు. 'ఈ ప్రభుత్వం వల్ల మీ ఇంట్లో వచ్చిన మార్పేమిటి?' అన్న ప్రశ్న కింద రాసి ఉంది: 'కష్టపడి పెంచుకున్న కొడుకుని తీసుకెళ్ళారు. రౌడీని చేసి ఇంటికి పంపారు.'

ఇంటి నంబరు అరవై మూడు. దర్జీ ఇల్లు. దర్జీ కొడుకు పెద్దాడి వెనకే తిరుగుతుంటాడు.

"ఓహో! వాడి కొడుకు నాతో తిరిగి రౌడీ అయ్యాడా? మరి నేనేమిటి? ఈ ముసలాడి సంగతి ఇప్పుడే తేలుస్తా."

ఆ జవాబు దర్జీది కాదని చిన్నదానికి తెలుసు. దర్జీ ఇంటికి మూడుసార్లు వెళ్ళింది, మూడుసార్లూ తాళమే. అలాంటప్పుడు 'తాళం' అని రాసి వదిలెయ్యాలి. కానీ లెక్కకి ఒకటి తగ్గితే పై అధికారి సతాయిస్తాడని, వంటింట్లో ఉన్న తల్లిని అడిగి, ఆవిడ చెప్పిన జవాబులు దర్జీ నంబరు మీద రాసేసింది. ఆ ఆఫీసులో అందరూ చేసే పనే. ఇప్పుడు నిజం చెబితే ఆ చెయ్యి తల్లి మీదికి లేస్తుంది. చెప్పకపోతే దర్జీ మీదికి. ఆమె ఏది చెప్పాలో తేల్చుకునేలోగా పెద్దాడు వీధిలో ఉన్నాడు.

వీధి చివర దుకాణంలో దర్జీ ఏదో చొక్కా కత్తిరిస్తున్నాడు. నిన్ననే ఊరి నుంచి వచ్చాడు. పెద్దాడు, వెనక అతని అనుచరులు ఇద్దరు లోపలికి దూసుకొచ్చారు; దర్జీ కొడుకు వాళ్ళలో లేడు. మొదట కుట్టుమిషను నేలకూలింది. తర్వాత అద్దం పగిలింది. ఆ తర్వాత దర్జీ వీపు గోడకి కొట్టుకుంది.

"ఏం చేశాను నాయనా? చెప్పి కొట్టు!"

"రౌడీ అని రాయిస్తావా? ఏ చేత్తో బతుకుతున్నావో ఆ చెయ్యే తీసేస్తా!"

గుడ్డలు కొలిచే ఇనప బద్ద అందుకుని, ముసలాయన కుడి చేతిని బల్ల మీద అదిమిపట్టి కొట్టాడు. వేళ్ళ ఎముకలు విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినిపించింది. దర్జీ కేక పెట్టాడు. మళ్ళీ కొట్టాడు. కత్తిరించిన తెల్లగుడ్డ ఎర్రబడింది. బద్ద మూడోసారి లేచింది.

బల్ల మీద ఇంకో చెయ్యి వచ్చి పడింది. తల్లిది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది, మోచెయ్యి అప్పటికే వాచింది.

"ఇక్కడ కొట్టు."

"తప్పుకో అమ్మా!"

"ఆ మాట అన్నయ్యగారిది కాదురా. నాది. కొడుకంటే నువ్వు. రౌడీ అన్నదీ నిన్నే."

"అబద్ధం."

"నిజం అన్నయ్యా," గుమ్మంలోంచి ఏడుస్తూ అంది చిన్నది. "దర్జీ మావయ్య అప్పుడు ఊళ్ళోనే లేడు. ఆయన నంబరు మీద అమ్మ మాటలు రాసింది నేను. ఈ పాపం సగం నాది."

తల్లి కొడుకు కళ్ళలోకి సూటిగా చూసింది. "నీతో చెప్పడానికి భయపడ్డాను. కాగితం మీద పేరుండదంటే ధైర్యం వచ్చింది. కన్నకొడుకు గురించి ఒక్క మాట అనడానికి నాకు సర్వే కావలసొచ్చిందిరా!"

దర్జీ నేల మీద మూలుగుతూ అన్నాడు, "నన్నడిగి ఉంటే... బాగుందనే చెప్పేవాణ్ణి. మూడు ఎన్నికల్లోనూ మీ నాయకుడికే ఓటేశాను."

బద్ద పెద్దాడి చేతిలోంచి జారిపోయింది. వెనకున్న ఇద్దరూ ఎప్పుడు గుమ్మం దాటారో తెలియదు. అతను తెల్లచొక్కా విప్పి ముసలాయన చేతికి చుట్టి, రెండు చేతుల మీద ఎత్తుకుని రోడ్డు మీదికి నడిచాడు.

ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి చూసి కనుబొమలు ముడిచాడు. "ఎలా తగిలింది?"

అప్పటికి మళ్ళీ వచ్చి చేరిన అనుచరుడొకడు, "మిషను మీద పడిందండీ" అన్నాడు గబగబా. దర్జీ అవునన్నట్టు తల ఊపాడు. భయం అబద్ధం కూడా నేర్పుతుంది మనిషికి.

"కాదు," అన్నాడు పెద్దాడు. "నేను కొట్టాను. ఇనప బద్దతో. అలాగే రాయండి."

"పోలీసులకి చెప్పాలి."

"చెప్పండి."

పెద్దాడు వరండాలో తల్లి కాళ్ళ దగ్గర కూలబడి ఆవిడ ఒళ్ళో తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆవిడకీ కన్నీళ్ళు ఆగలేదు. వాపు లేని చేత్తో అతని జుట్టు నిమిరింది, తర్వాత తల పైకెత్తింది.

"నా దగ్గర ఏడవడం తేలికరా. నేను తల్లిని, కరిగిపోతాను. ముందు అన్నయ్యగారి దగ్గరికెళ్ళు."

అతను లేచి వెళ్ళాడు. అతన్ని చూడగానే దర్జీ ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. పెద్దాడు మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. పోలీసులొచ్చి పిలిచేదాకా అక్కడి నుంచి లేవలేదు.