పదకొండు ఇరవైకి ఇచ్చిన దరఖాస్తు

మధ్యాహ్నం రెండు గంటల ఐదు నిమిషాలు. దరఖాస్తు లేదు. మూడింటికి గ్రాంటు కమిటీ కూర్చుంటుంది.

పోలీసు శాఖ నుంచి వచ్చిన యూనివర్సిటీ విజిలెన్స్ ఆఫీసరును అందరూ ఇంకా సీఐ మేడమ్ అనే పిలుస్తారు. ఆవిడ సూపరింటెండెంటు గదిలోకి వచ్చేసరికి అక్కడి ముగ్గురూ ఒకరినొకరు నమిలి మింగేలా ఉన్నారు.

"పదకొండు ఇరవైకి ఈయన చేతికే ఇచ్చాను మేడమ్," అంది చూపులేని అమ్మాయి. వికలాంగ విద్యార్థుల బృందానికి నాయకురాలు. ఆ గ్రాంటు వస్తేనే వాళ్ళకు కింది అంతస్తులో చదువుకునే గది. రాకపోతే మరో ఏడాది మూడంతస్తులు దేకాల్సిందే.

"ఇవ్వలేదు. రిజిస్టర్లో ఎంట్రీ ఏదీ?" సూపరింటెండెంటు తెల్ల అట్టతో విసురుకుంటున్నాడు. పదిన్నర నుంచి కరెంటు లేదు. ఫ్యానూ లేదు, సీసీ కెమెరా రికార్డూ లేదు. "వీళ్ళకి అన్నీ ప్రత్యేకంగా కావాలి. పైగా మనమీదే నింద."

సీఐ మేడమ్‌కు ఒళ్ళు మండింది. పైకి తేలనివ్వలేదు. డిబేట్ క్లబ్బు సెక్రటరీ వైపు తిరిగింది.

"మీ క్లబ్బూ ఇదే గ్రాంటు అడిగిందిగా. పదకొండు ఇరవైకి ఎక్కడున్నావు?"

"పరీక్ష హాల్లో. ఒంటిగంటదాకా."

సీఐ మేడమ్ పరీక్షల విభాగానికి ఫోన్ చేసింది. నిజమే.

కిటికీ వెలుతురు ఏటవాలుగా అట్టమీద పడింది. వరసగా సన్నటి బుడిపెలు. ఆవిడ చెయ్యి చాపి అట్ట లాక్కుని అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఏముందమ్మా ఇందులో?"

అమ్మాయి వేళ్ళు కదిలాయి. "బ్రెయిలీ లిపి. మా దరఖాస్తు మూడో పేజీ. ఏ కాగితమైనా మేం మామూలు అక్షరాల్లోనూ, బ్రెయిలీలోనూ ఇస్తాం మేడమ్. 'సూపరింటెండెంటుగారు వాడుకుంటున్న కింది గదిని మాకు కేటాయించాలి'..."

"అబద్ధం. అది ఖాళీ అట్ట. రాసి ఉన్న కాగితాలే నేను..."

సూపరింటెండెంటు నోరు జారాడు.

"రాసినవి చించేశారు. ఇవి ఖాళీవనుకుని దాచుకున్నారు," అంది సీఐ మేడమ్. "ఇంతసేపూ సాక్ష్యంతోనే విసురుకున్నారు. మిగతావి తియ్యండి."

డ్రాయర్లోంచి ఇంకో మూడు అట్టలు వచ్చాయి. రెండు నలభైకి ఆవిడ దగ్గరుండి వాటిమీద ముద్ర వేయించింది. అందిన సమయం ఆయన చేతే రాయించింది.

కమిటీలో ఆ అట్టలు చదవగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. అమ్మాయే నిలబడి నాలుగు పేజీలూ చదివింది. మూడు యాభైకి గ్రాంటు మంజూరైంది, గదితో సహా.

వరండాలో సూపరింటెండెంటు ఎదురయ్యాడు. గొంతు తగ్గించాడు. "గది ఒక్కటీ వదిలెయ్యమ్మా. మిగతావన్నీ నేనే దగ్గరుండి చేయిస్తాను."

మూడేళ్ళలో "అమ్మా" అన్న మాట ఆయన నోట అమ్మాయి విన్నది అదే మొదటిసారి. ఆమెకు అసహ్యం వేసింది.

"మీ సామాను ఇవాళే తీసేస్తారా సార్, రేపా?" అని అడిగింది.