చెంబెడు నీళ్ళ ప్రశ్న

ఆ పొద్దున కూడా చెన్నమ్మ బియ్యం కడిగిన నీళ్ళను పారబోయలేదు. వాటితో వంకాయలు కడిగింది, ఆ నీళ్ళతోనే గిన్నెలు తొలిచింది, మిగిలినవి పెరట్లో కరివేపాకు చెట్టుకు పోసింది. 2009లో వానలు మొహం చాటేశాక బెళుగుప్పలో నీళ్ళు పారబోసే ధైర్యం ఎవరికుంది?

మనవరాలు నందిని అద్దం ముందు గడియారం పట్టుకుని నిలబడింది. “మా అవ్వ చెంబెడు నీళ్ళను నాలుగుసార్లు వాడుతుంది. అంతరిక్షంలో మీరు ఎన్నిసార్లు వాడతారు?”

పదకొండు సెకన్లు పట్టింది. ఇరవై దాటకూడదని నియమం. వచ్చే శుక్రవారం వాళ్ళ బడి పిల్లలు భూమి చుట్టూ తిరుగుతున్న వ్యోమగాములతో వీడియోలో మాట్లాడబోతున్నారు. ఉన్నది పది నిమిషాలు, పది ప్రశ్నలు. పిల్లలు రాసినవన్నీ హైదరాబాదు పంపితే అక్కడ ఈ కార్యక్రమం నడిపేవాళ్ళు పదింటిని ఎంచారు. అందులో తొమ్మిదో తరగతి నందినిది ఒకటి. ఏర్పాట్లన్నీ ఆ బడిలోనే సైన్సు చెప్పే వాళ్ళమ్మ ఇంద్రాణివి. రెండు నెలలుగా ఆమెకు తిండీ నిద్రా లేవు.

మజ్జిగ కోసం పుల్లన్న ఇంటికి వెళ్ళిన చెన్నమ్మ ఖాళీ చెంబుతో తిరిగొచ్చింది.

“ఏమే నందినీ, పుల్లన్న కొడుక్కి నేనెప్పుడు అవ్వనైనా?”

“ఏమయిందవ్వా?”

“వాడు, ఆ హర్ష, వసారాలో నిలబడి ‘మా అవ్వ చెంబెడు నీళ్ళు’ అని బట్టీ పడ్తాండాడు. ఆ ఇంట్లో మూడు బోర్లుండాయి. వాళ్ళ అవ్వ ఏనాడన్నా చెంబు పట్టిందా?”

నందిని తల్లి వైపు చూసింది. జడ వేసుకుంటున్న ఇంద్రాణి చేతులు ఆగిపోయాయి. ఆ ఆగడంతోనే పిల్లకు సగం తెలిసిపోయింది.

“అమ్మా, నా పేరు తీసేసినావా?”

“ముందు నేను చెప్పేది విను. ఊర్లో కరెంటు యాడుండాది? పగలంతా తీసేస్తాండారు. జనరేటర్ పుల్లన్న ఒక్కని దగ్గరే ఉండాది. కొడుకు మాట్లాడితేనే ఇస్తానన్న్యాడు. వాని ప్రశ్నేమో ఎంపిక కాలేదు. ఎవరో ఒకరి ప్రశ్న వానికియ్యాల్సొచ్చింది.”

“పదిమందిలో నాదే దొరికిందా?”

“వేరే పిల్లది తీసేస్తే వాళ్ళమ్మ వచ్చి నన్ను నిలదీస్తాది. నువ్వయితే మన పిల్లవి. చెప్తే అర్థం చేసుకుంటావని...”

“మరి చెప్పినావా?”

ఇంద్రాణి చెప్పలేదు. వారం రోజులుగా అదే ఇంట్లో, అదే కంచం పక్కన కూర్చుని, పిల్ల అద్దం ముందు ప్రశ్న అప్పజెప్పుకుంటుంటే చూస్తూ కూడా చెప్పలేదు. నందినికి కడుపు మండింది అందుకే.

“పరాయి పిల్లలు ఏడిస్తే భయమా ఇంద్రాణీ? మన పిల్ల ఏడిస్తే పర్వాలేదా?” అంది చెన్నమ్మ.

“పేర్లు ఖాయం చేసి పంపేసినా అత్తమ్మా. ఇంక మార్చేకి కాదు.”

ఆ రోజు నుంచి నందిని తల్లితో మాట మానేసింది. అన్నం వేళకు “అవ్వా, టీచర్‌ను తినేకి రమ్మను” అనేది. సొంత కూతురి నోట ‘టీచర్’ అనిపించుకోవడం ఎంత నరకమో ఇంద్రాణికి అప్పుడు తెలిసింది.

శుక్రవారం బడి బయట జనరేటర్ హోరుమంటోంది. తెర మీద ఇద్దరు వ్యోమగాములు గాల్లో తేలుతున్నారు. హైదరాబాదు నుంచి వచ్చినాయన పిల్లల తెలుగును ఇంగ్లీషులోకి, వాళ్ళ ఇంగ్లీషును తెలుగులోకి మార్చి చెబుతున్నాడు. ముందు కుర్చీలో పుల్లన్న, చివరి బెంచీలో అవ్వ పక్కన తలొంచుకుని నందిని. మైకులో ఒక్కొక్క పేరే పిలుస్తున్న ఇంద్రాణి ఆరో పేరు దగ్గర కాగితం మడిచేసింది.

“ఈ ప్రశ్న రాసింది నందిని. అందులో ఉన్న అవ్వ నందిని వాళ్ళ అవ్వ. అడిగేది హర్ష.”

పుల్లన్న మొహం మాడిపోయింది. హర్ష తడబడకుండా అడిగేశాడు. ‘మా అవ్వ’ అనాల్సిన చోట ‘వాళ్ళ అవ్వ’ అన్నాడు.

తెర మీద వ్యోమగామి నవ్వాడు. “మా చెమటను కూడా శుభ్రం చేసుకుని తాగుతాం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. నందిని వాళ్ళ అవ్వకు మా నమస్కారాలు చెప్పండి.”

“చెమట తాగుతారంట! నాకంటే పిసినారోళ్ళే,” అని చెన్నమ్మ బుగ్గలు నొక్కుకుంది. నందిని తల ఎత్తింది.

అంతా అయ్యాక పుల్లన్న అడ్డం వచ్చాడు. “ఏమ్మా టీచరమ్మా, నా జనరేటర్ పెట్టుకొని నా పరువే తీసినావే?”

“జనరేటర్ నీది అన్నా. ప్రశ్న నీది కాదు. ఆ మాట ఆ పొద్దే చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు నాది.”

సాయంత్రం ఇంద్రాణి దుమ్ము కాళ్ళతో ఇంటికొచ్చి, గడప పక్కన చెంబు తీసుకుంది.

“అమ్మా, ఆడ కడుక్కోవద్దు.”

ఆరు రోజుల తర్వాత విన్న పిలుపు అది. ఇంద్రాణి చెంబుతోనే వెనక్కి తిరిగింది.

“కరివేపాకు చెట్టు కాడ కడుక్కో. నీళ్ళు దండగైతాయి.”

ఇంద్రాణి చెట్టు దగ్గరికి వెళ్ళింది గానీ, కన్నీళ్ళకు కాళ్ళు కనబడలేదు. నందిని వచ్చి చెంబు తీసుకుని, తల్లి పాదాల మీద కొంచెం కొంచెంగా పోసింది.

“ఇంకోసారి నాదేదన్నా ఎవరికన్నా ఇచ్చే ముందు నన్నడుగు.”

“అడుగుతా తల్లీ,” అంది ఇంద్రాణి.