బోణీ బిట్‌కాయిన్

పెద్ద నోట్లు రద్దయిన వారం అది. వరంగల్ స్టేషన్ రోడ్డులో దుకాణాలు తెరిచినవాళ్లంతా ముఖాలు వేలాడేసుకుని కూర్చున్నారు. సెల్ పాయింట్ ఓంప్రకాశ్ ఒక్కడే ఈల వేసుకుంటూ ఎదురుగా ఉన్న జంపఖానాల దుకాణంలోకి వెళ్లాడు.

గల్లాపెట్టె దగ్గర శ్రీలత ఉంది. వాళ్ల నాన్న చంద్రమౌళి బ్యాంకు లైన్లో ఉన్నాడు.

"గా ఎర్ర జంపఖానా కావాలె. పైసలు ఫోన్‌ల ఇస్త. బిట్‌కాయిన్."

"అదేంది, రీచార్జి కూపనా?"

"కంప్యూటర్ పైసలు. వీటిని ఏ సర్కారు రద్దు చెయ్యరాదు."

"చేతిల పట్టుకోరాని పైసలు నేనేం జేస్కోవాలె?"

అంది గానీ, పొద్దున్నుంచీ అతడే మొదటి బేరం. బోణీకి వచ్చినవాణ్ని వట్టి చేతులతో పంపడం ఆ ఇంట్లో ఎవరికీ చేతకాదు. విసుక్కుంటూ ఫోన్ ఇచ్చింది. అతడు యాప్ ఎక్కించి, కాయిన్‌లో చిన్న ముక్క పంపాడు. ఆమె అలవాటుకొద్దీ ఆ ఫోన్‌నే కళ్లకద్దుకుంది. ఓంప్రకాశ్ పని అక్కడితో అయిపోయింది, మనసు ఆమె దగ్గరే ఉండిపోయింది.

"ఇవి మళ్ల నా దుకాణంలనే ఖర్సు పెట్టాలె. ఊర్ల ఇంకెవ్వలు తీసుకోరు," అన్నాడు పోతూ.

ఆ సాయంత్రమే 'ఇచ్చట బిట్‌కాయిన్ తీసుకోబడును' అని బోర్డు పెట్టాడు. ఆమె ఒక్కదాని కోసం.

శ్రీలత వచ్చేది. చార్జర్ కొంది, నోటు ఇచ్చింది. టెంపర్డ్ గ్లాస్ వేయించుకుంది, పర్సంతా వెతికి చిల్లర ఏరి మరీ ఇచ్చింది.

"బిట్‌కాయిన్ ఉన్నది గదా?"

"అది ఉండనియ్యి," అని చూపు తప్పించి వెళ్లిపోయేది.

నేనిచ్చింది ముట్టుకోవడం కూడా ఇష్టం లేదన్నమాట, అనుకున్నాడు ఓంప్రకాశ్. అన్నం సహించేది కాదు. ఆమె దాన్ని ఖర్చు పెట్టిన రోజే మనసులో మాట అడగాలని పంతం పట్టాడు. ఇలాంటి పనికిమాలిన పంతాల్లో అతడికి సాటి లేరు. వానలకు బోర్డు మీది అక్షరాలు కారిపోతే మళ్లీ రాయించాడు, ఏ ఆశా లేకుండానే.

ఏడాది తిరిగింది. ఒక ముసురు సాయంత్రం శ్రీలత గొడుగు ముడుస్తూ వచ్చింది. ఫోన్ కవర్ ఒకటి తీసుకుంది.

"బిట్‌కాయిన్‌ల ఇస్త," అంది.

అతడు స్కానర్ చూపించాడు. ఆమె ఉన్నదంతా పంపేసింది.

"శ్రీలతా, నువ్వు ఇది ఖర్సు పెట్టిన్నాడు అడగాలని ఆగిన. నన్ను చేసుకుంటవా?"

ఆమె చేతిలోని కవర్ కౌంటర్ మీద పెట్టేసింది.

"మంచి చెయ్యి అనుకున్నోళ్ల బోణీ మేం ఖర్సు పెట్టం, ఓం. లక్ష్మమ్మ పటం కాడ దాసుకుంటం. నీది ఫోన్‌ల దాసుకున్న."

"మరి ఇయ్యాల ఎందుకిచ్చినవ్?"

"పరకాల సంబంధమోళ్లకు మాటిచ్చిన్రు. ఇంకొకరింటికి పోతూ నీది నా కాడ ఉంచుకోవద్దనిపించింది."

"మీ బాపుకు చెప్పరాదా?"

"నిన్న అడిగిండు, మనసుల ఎవలన్న ఉన్నరా బిడ్డా అని. ఏడాది సంది నువ్వొక్క మాట అడగకపోతివి. లేరని చెప్పిన. నా మాట మీదనే ఆయన మాటిచ్చిండు."

ఓంప్రకాశ్ కుర్చీలో కూలబడ్డాడు.

"పంపింది ఆపరాదా?" ఆమే అడిగింది.

"రాదు. ఒక్కసారి పోతే వాపస్ రాదు." తన ఫోన్ చూసుకున్నాడు. "ఇంక నాకు చేరినట్టు కన్ఫర్మ్ కాలే. జర టైమ్ పడ్తది."

"అయితే అయ్యేదాంక కూసుంట."

స్టూల్ లాక్కుని అతడి ఎదురుగా కూర్చుంది. బయట వాన పెరిగింది. ఇద్దరూ ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటున్నారు.

"కాలేదా?"

"కాలే. ఇయ్యాల పంపేటోళ్ల లైన్ పెద్దగున్నదట."

కన్ఫర్మ్ అయిందని అతడి ఫోన్ అప్పటికే ఒకసారి మోగి ఆగింది. అదే మెసేజ్ ఆమె ఫోన్‌కూ వచ్చింది. శ్రీలత దాన్ని చదివి, ఫోన్ బోర్లా పెట్టింది.

"కానియ్యి," అంది. "నాకేం తొందర లేదు."