నీళ్ళ పొయ్యి నిప్పు

తెల్లవారి చాలాసేపయినా ఉలిగెమ్మ ఇంకా నిద్రపోతూనే ఉంది. మంచం అంచున కూర్చుని రామచంద్రయ్య ఆమెనే చూస్తున్నాడు. పెళ్ళయి ముప్ఫైనాలుగేళ్ళు. భార్య నిద్రలో ఎలా ఉంటుందో అతనికి తెలిసింది మాత్రం భట్టీ మూతపడ్డ ఈ రెండు నెలల్లోనే. బొరుగుల భట్టీ నడిపేవాడికి తెల్లవారుజాము నిద్ర ఎక్కడిది? ఊరంతా ముసుగుతన్ని పడుకున్నప్పుడే లేచి, పెరటి తలుపు దాటి, వరిపొట్టు మంట ముందు నిలబడాలి. తిరిగి ఇంట్లోకి వచ్చేసరికి ఆమె వంటింట్లో ఉండేది.

ఇప్పుడు వెల్లకిలా పడుకుని, నోరు కొంచెం తెరిచి, చంటిపిల్లలా నిద్రపోతోంది. కిటికీలోంచి లేత ఎండ ఆమె పాదాల మీద పడుతోంది. దూరంగా రాయచూరు కోట గుట్ట కనబడుతోంది. ఇన్నేళ్ళ పొగలో అది అక్కడుందన్న సంగతే ఇంట్లోవాళ్ళు మరిచిపోయారు. దండెం మీద తెల్ల పంచె సాయంత్రానికి కూడా తెల్లగానే ఉంటోంది. పొరపాటున ఎవరి కలలోకో వచ్చి పడ్డట్టుంది రామచంద్రయ్యకు. ఆ కల చెదిరిపోతుందేమోనని ఇంట్లో అడుగు కూడా మెల్లగా వేస్తున్నాడు.

మంచం పక్క గోడ మీద, కూర్చుంటే తల ఆనేంత ఎత్తున, అరచేయంత నూనె మరక. ప్రతి ఉగాదికీ సున్నం వేయిస్తాడు, నెల తిరక్కుండా మళ్ళీ తేలుతుంది. పగలు ఆమె అక్కడ తల ఆనించి కనబడితే "గోడకు నూనె మరక పడతది, లే" అని ఎన్నిసార్లు విసుక్కున్నాడో. ఆమె నవ్వి ఊరుకునేది.

"నాయనా! ఇంకా కూసున్నవేంది?" పెరట్లోంచి కొడుకు సతీశ్ కేక. "కనకప్ప వచ్చిండు. తొమ్మిది లోపల నిప్పు పడాల."

ఈ గల్లీలో లైసెన్సు లేని భట్టీలు పదకొండు. పొగ భరించలేక వాడకట్టువాళ్ళు కోర్టుకెళితే, అన్నిటినీ మూసేయమని తీర్పు వచ్చింది. యజమానులంతా కలిసి పై కోర్టులో అప్పీలు చేశారు. అది తేలేదాకా తీర్పును అమలు చేయొద్దని మొన్న స్టే వచ్చింది. నిన్న సాయంత్రం తలుపుల సీళ్ళు తీశారు. సతీశ్ దృష్టిలో ఇక కేసు గెలిచినట్టే, గల్లీ అంతా పేడాలు కూడా పంచి వచ్చాడు. ఇల్లలకగానే పండగ కాదని ఆ పిల్లవాడికి ఎవరు చెప్పాలి?

చల్లారిన భట్టీని ఈ ఇంట్లో అగ్గిపుల్లతో ముట్టించరు. స్నానాల నీళ్ళు కాచే పొయ్యిలోంచి ఇంటి ఇల్లాలు కుండపెంకులో నిప్పు తెచ్చి ఇవ్వాలి. రామచంద్రయ్య తల్లి అలాగే ఇచ్చింది, ఆమె అత్తా అలాగే ఇచ్చింది. వంటకు గ్యాసు వచ్చినా పెరట్లో నీళ్ళ పొయ్యి నిలిచింది అందుకే.

రామచంద్రయ్య బయటికి వచ్చేసరికి కోడలు శిల్ప వసారా గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది.

"అత్తమ్మను లేపొద్దు. ఇంకో గంట పండుకోనీ."

"మంచి గడియ పోతది!" అన్నాడు సతీశ్.

"పోనీ. ఆమెకు గిట్ల నిద్రపట్టి ఎన్నేండ్లాయెనో నీకు ఎరుకేనా?"

"రెండు నెలల సంది కనకప్ప ఇంట్ల పొయ్యి ఎట్ల మండుతున్నదో నీకు ఎరుకేనా?"

ఇరవైయేళ్ళుగా ఆ భట్టీలో కాలే ఇసుకలో బియ్యం వేయిస్తున్న కనకప్ప తల గోక్కున్నాడు. "నన్నెందుకు నడుమ తెస్తరు, చిన్న సావుకార్? పని లేకుంటే దేవదుర్గ దిక్కు పత్తి ఏరనీకె పోతుంటిమి, అంతే గద."

"మీ అత్త బాగనే పండుకుంటది గద, తల్లీ," అన్నాడు రామచంద్రయ్య అర్థంకాక. "దినాం చూస్తున్న."

శిల్ప అతని వైపు తిరిగింది. "మీరు చూసేది ఇప్పటి నిద్ర, మామా. భట్టీ నడిచినప్పుడు మీరు అటు పోంగనే లేచి గోడకు ఆనుకొని కూసునేది. పండుకుంటే ఊపిరాడకపోయేది. తెల్లారేదాక అట్లనే కునికేది. నేను వచ్చి ఆరేండ్లాయె, ఆరేండ్లు చూసిన. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నది."

"అది వాళ్ళ పుట్టింటి దగ్గు. వాళ్ళ నాయనకు గూడ ఉండె," అన్నాడతను. అంటూనే గోడ మీది మరక గుర్తొచ్చి లోపలి గది వైపు చూశాడు.

"పొద్దుగాల ఏంది లొల్లి?" ఉలిగెమ్మ కొప్పు ముడుచుకుంటూ వచ్చింది. "అన్నం పెట్టిన పొయ్యిని ఆడిపోసుకోవద్దు, శిల్పా. జరుగు."

ఎవరు ఏమనేలోపే నీళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని, నాలుగు నిప్పులు కుండపెంకులోకి లాగి, లేచింది. కొడుకు మొహం వెలిగింది. ఆమె భట్టీకి వెళ్ళే పెరటి తలుపు దాకా నడిచి, గడప ముందు ఆగింది. కళ్ళు మూసుకుని, ఛాతీ నిండా గాలి పీల్చి బిగబట్టింది. కృష్ణలో మునక వేసేముందు ఇలాగే చేస్తుందామె. కానీ ఇక్కడ నది లేదు.

"ఆగు. ఊపిరెందుకు పట్టినవ్?" అన్నాడు రామచంద్రయ్య.

ఆమె ఊపిరి వదిలి, సిగ్గుపడ్డట్టు నవ్వింది. "ఏం లేదు. అలవాటు."

"ఏం అలవాటే?"

"నీకు సద్ది తెచ్చేటప్పుడు గడప కాడనే ఇంత గాలి పీల్చుకుంటే... గిన్నె నీ చేతికిచ్చి మళ్ళ వచ్చేదాక సరిపోతది."

 రోజూ గిన్నె చేతిలో పెట్టి, మాటయినా మాట్లాడకుండా గిర్రున తిరిగి వెళ్ళిపోయేది. ఎంత పొగరు ఈమెకు అనుకునేవాడు రామచంద్రయ్య. ఒకసారి ఆ మాట పైకే అన్నాడు కూడా.

ఆమె చేతిలోంచి పెంకు తీసుకుని, వెనక్కి నడిచి, నిప్పులు నీళ్ళ పొయ్యిలోనే కుమ్మరించాడు.

"నాయనా! స్టే వచ్చింది గద!"

"స్టే తీర్పుకు వచ్చింది రా. మీయమ్మ ఆయాసానికి ఏ కోర్టు ఇస్తది స్టే?" ఖాళీ పెంకు పక్కన పెట్టాడు. "పక్క భట్టీల సంగతి ఏమైనా, మన పెరటి పొగ ఆగాల. అప్పీలు తేలేదాక మనకు టైము దొరికింది. చిక్కసూగూరు దిక్కు, ఇండ్లు లేని కాడ జాగ చూడు. లైసెన్సుకు అర్జీ పెట్టు. అది చేతికొచ్చినంకనే నిప్పు. కనకప్పా, ఇంకొన్ని దినాలు ఓర్చుకుంటవా?"

 కనకప్ప భట్టీ వెనక తన గుడిసె వైపు చూశాడు. "మా ఇంటిది గూడ గోడకే ఆనుకుంటది, సావుకార్," అన్నాడు. "పత్తికి ఇంకో నెల పోతం."

 సతీశ్ వెళ్ళి తల్లి చేయి పట్టుకుని, మసి అంటిన ఆమె వేళ్ళను తన చొక్కాకే తుడిచాడు. "నాకన్నా చెప్పకపోతివి గదమ్మా," అన్నాడు.

"చెప్తే నువ్వు ఏడుస్తవని," అంది ఉలిగెమ్మ. వాడు అప్పటికే ఏడుస్తున్నాడు.

"మరి కొత్త భట్టీకి నిప్పు ఎవరిస్తరు?" అని అడిగింది భర్తను.

"నువ్వే. అంతదూరం బండి మీద కూసోబెట్టుకొని తీసుకపోత," అన్నాడతను.

లోపలికి వెళ్ళి మంచం మీద కూర్చున్నాడు. కాళ్ళు ముడుచుకుని మెల్లగా వెనక్కి వాలాడు. తల సరిగ్గా ఆ మరక మీదే ఆనింది. గోడ చల్లగా ఉంది, గట్టిగా ఉంది. ఎంత సర్దుకున్నా మెడ నిలవడం లేదు. ఇక్కడ, ఇలా, ఇన్నేళ్ళు.

ఉలిగెమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. చూసి, అంతా అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి మాత్రం మామూలు గొంతుతోనే అంది.

"నీళ్ళు కాగినయ్. గోడకు నూనె మరక పడతది, లే."

అతను లేవలేదు. కళ్ళు తుడుచుకోవడానికి చేయి కూడా ఎత్తలేదు.