నాలుగో పరుపు

"అమ్మా... లాడ్జిల నలుగురిని ఉండనియ్యరంటనే! గదికి ముగ్గురేనంట. నువ్వు ఈసారికి ఆగరాదే... మళ్ల నిన్నొక్కదాన్నే తీస్కపోత!"

ఫోనులో కొడుకు శివకృష్ణ మాట వినేసరికి మల్లీశ్వరి చేతిలోని మురుకుల డబ్బా చేతిలోనే ఉండిపోయింది. తెల్లవారితే విశాఖపట్నం ప్రయాణం! సంచులు కట్టేసింది, అత్త మోకాళ్ళకు రాసే నూనె సీసా సర్దింది, తనకని దాచుకున్న ఆకుపచ్చ నేత చీర మడత విప్పి చూసుకుని, మురిసిపోయి, మళ్ళీ మడిచింది... ఇప్పుడు ఆగమంటున్నాడు! ఎవరిని? ఆ ప్రయాణాన్ని మొదటినుంచీ నెత్తిన వేసుకున్న మనిషిని!

అవునమ్మా, ఆ ప్రయాణానికి చాకిరీ అంతా ఆమెదే. పానగల్ దగ్గరి పల్లెలో గొర్ల మందను నమ్ముకుని బతికే ఇల్లు వాళ్ళది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు "అందరం సముద్రం చూసొద్దాం" అని ఒక మాట అనేసి చేతులు దులుపుకున్నాడు. అతను ఫోనులో చూపించిన హోటళ్ళన్నీ అద్దాల మేడలే! భర్త గుర్వయ్యను అడిగితే, ఎండాకాలమంతా మంద వెంట తిరుగుతూ పొలాల్లో పడుకునే మనిషి, "ఏడ పండుకుంటె ఏందే?" అని తువ్వాల దులుపుకుని వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది ఎవరు? ఇల్లాలే కదా! సింహాచలం యాత్రకు వెళ్ళొచ్చిన తమ ఊరి బిక్షమ్మను పట్టుకుని, ఆమె దిగిన లాడ్జి నంబరు సంపాదించి, మేనేజరు సన్యాసిరావుతో మల్లీశ్వరే మాట్లాడింది.

"కింది గదే గావాలె అయ్యా, మా అత్తకు మోకాళ్లు నొస్తయి. పొద్దుగాల ఉడుకునీళ్లు ఇస్తరా? మేం రొట్టెలు తెచ్చుకుంటం, గదిల తింటె ఏమన్న అంటరా?"

"ఏవీ అనం తల్లీ! మంచాలు మూడే ఉన్నాయి గానీ, నాలుగో మనిషికి కింద పరుపు వేయిస్తాను. సరేనా?"

"నాలుగోదాన్ని నేనే గద అయ్యా, నాకేం... కిందనే పండుకుంట! మరి... సముద్రం అగుపడ్తదా?"

ఆయన నవ్వాడు. "గదిలోంచి కనపడదమ్మా, అబద్ధమెందుకూ! డాబా ఎక్కితే నీలంగా ఒక గీత కనిపిస్తుంది."

ఆ నీలం గీత కోసం ఆమె ఎన్ని రోజులు కలలు కన్నదో ఎవరికి తెలుసు? గుర్వయ్య పెళ్ళైన కొత్తలో కోస్తా వైపు మందను తోలుకెళ్ళి, వచ్చేటప్పుడు ఒక గవ్వ తెచ్చిచ్చి, "నిన్ను గూడ ఒకపారి తోల్కపోత" అన్నాడు. ఆ గవ్వ ఇంకా దేవుడి గూట్లోనే ఉంది. ఆ మాట ఎప్పుడో గాలికి పోయింది!

అయినా తల్లి మనసు చూడండి! దుఃఖాన్ని దిగమింగుకుని ఆమే కొడుకును ఓదార్చింది. "పోనీలే బిడ్డా, ఫికర్ చెయ్యకు. మందను సూసెటోళ్లు గూడ ఒకరు గావాలె గద. మీరు మంచిగ పోయిరాండ్రి..."

ఫోను పెట్టేసి కళ్ళు తుడుచుకుంటుండగా గుర్వయ్య లోపలికి వచ్చాడు. ఆమె మొహం చూడకుండా, గోడకేసి చూస్తూ అన్నాడు.

"అటక మీది కొత్త గొంగడి దించు. సంచిల వెట్టాలె."

మల్లీశ్వరి విస్తుపోయింది. "ఈ ఎండలల్ల, ఆ ఉక్కపోతల గొంగడేందయ్యా?"

"అమ్మకు... చలి వెడ్తదేమోనని..."

అబద్ధం చెప్పడం చేతకాని మనిషి! ఆ గొంగడి కప్పుకునేది కాదని ఆ ఊళ్ళో పసిపిల్లను అడిగినా చెబుతుంది. వాళ్ళ ఇళ్ళల్లో కొడుకు సంబంధం ఖాయం చేసుకునే నాడు, పిల్లవాడి తల్లి తన చేత్తో కొత్త గొంగడి పరవాలి. పిల్లను దాని మీద కూర్చోబెట్టి, కులదేవుడు బీరప్పను తలుచుకుని, నుదుట బండారు పసుపు పెట్టాలి. తల్లి కన్నుమూసి ఉంటే తప్ప ఇంకొకరు దాన్ని పరవరు. ఆ గొంగడికి ఉన్ని వడికింది మల్లీశ్వరే. శివకృష్ణ ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దాన్ని వేపాకు వేసి అటక మీద దాచింది. దాన్ని తను లేకుండా సముద్రం దాకా ఎందుకు తీసుకుపోతున్నారు?

గుర్వయ్య కొట్టం వైపు వెళ్ళగానే లాడ్జికి ఫోను చేసింది.

"అయ్యా... నాలుగో పరుపు కుదరదని అన్నరంట గద మీరు?"

"ఎవరన్నారమ్మా? పొద్దున్నే వేయించేశాను! పెళ్ళిమాటలు కదా, పెళ్ళికూతురు వాళ్ళు వస్తారని మీ అబ్బాయిగారు కింద హాలు కూడా అడిగారు. ఆ పరుపు అమ్మగారికన్నారు. సుమనగారు కదండీ, టీచరుగారు! పెళ్ళికొడుకు అమ్మగారి పేరు అదే చెప్పారు..." అన్నాడాయన. "ఇంతకీ ఇన్నాళ్ళూ ఫోన్లు చేసింది మీరే కదా... అత్త అన్నది వరసకు పిలవడమా? మీరు వాళ్ళింట్లో పనిచేస్తారా తల్లీ?"

అయ్యో... ఆ మాట! పాపం ఆయన తెలియక అడిగాడు. కానీ ఆ తల్లి గుండె ఎలా తట్టుకుంటుంది! "ఔ... పనిచేస్త అయ్యా..." అని మాత్రం అనగలిగింది. గడప మీదే కూలబడిపోయింది.

సుమన ఎవరో కాదు, సొంత చెల్లెలు! నల్గొండలో టీచరు. తల్లి పోయాక, తను బడి మానేసి గొర్ల వెంట తిరిగి బడికి పంపించుకున్న చెల్లెలు!

సాయంత్రం శివకృష్ణ, సుమన ఒకే ఆటోలో దిగారు. సుమన చేతిలో కొత్త పట్టుచీర సంచి ఉంది. అక్కను చూసి నవ్వబోయి, ఆ కళ్ళను చూసి ఆగిపోయింది.

"రా చెల్లె..." అంది మల్లీశ్వరి, "పెండ్లికొడుకు తల్లివి గద... కాళ్లకు నీళ్లియ్యనా?"

గుమ్మంలో ఉన్న గుర్వయ్యతో సహా ముగ్గురి మొహాలూ పాలిపోయాయి! శివకృష్ణ సంచి కింద పడేసి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయాడు.

"అమ్మా... నా మాట ఇనే! హిమజ అని మా ఆఫీసులనే పనిచేస్తది. మంచి పిల్ల. నేను కొత్తగ చేరినప్పుడు అక్కడ అందరు నా మాటకు నవ్వుతుండిరి. ఇంటికాడ గొర్లు కాస్తరంటె ఇంక ఎట్ల నవ్వుతరోనని... మా అమ్మ టీచరని నోరు జారిన. ఆ పిల్ల నమ్మింది, ఇంట్ల చెప్పుకున్నది. ఇగ వాపసు తీస్కోరాలె నాకు..."

"నీ మాటకు నవ్విండ్రని..." అంది మల్లీశ్వరి, "ఆ మాట నేర్పిన తల్లినే తీసేసినవా బిడ్డా?"

శివకృష్ణ తల వంచుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. మల్లీశ్వరి చెల్లెలి వైపు తిరిగింది.

"నువ్వన్న చెప్పకపోతివి గదనే! నువ్వు బడికి పోతుంటె మంద ఎంబడి నేను పోయిన. నీ పలక నేను కడిగిన, నీ జడ నేనేసిన. నిన్ను ఎన్నడన్న ఏమన్న అడిగిన్నా? నా జాగల కూసుంటానికి నీకు మనసెట్లొప్పింది సుమనా?"

"ఒక్క పూటనే అన్నడక్కా... కాళ్లు వట్టుకొని ఏడ్చిండు... వాని పెండ్లి చెడిపోతదేమోనని..." సుమన మొహం కప్పుకుంది.

మల్లీశ్వరి చివరికి భర్తను చూసింది. ఆయన ద్వారబంధాన్ని పట్టుకుని రాయిలా నిలబడి ఉన్నాడు.

"నీకెప్పటిసంది ఎరుకయ్యా?"

"నువ్వు లాడ్జికి ఫోన్ జెయ్యకముందే..." అన్నాడు నేల చూస్తూ.

అదే ఆమెను నిలువునా కోసేసింది! కొడుకు చిన్నవాడు, భయపడ్డాడు. చెల్లెలు మెత్తనిది, కరిగిపోయింది. కానీ ఈయన! తను ఉడుకునీళ్ళు అడుగుతుంటే, కింది గది కోసం బతిమాలుతుంటే, సముద్రం కనిపిస్తుందా అని చిన్నపిల్లలా మురిసిపోతుంటే... పక్కనే కూర్చుని బీడీ తాగుతూ విన్నాడు కదా! ఏ గదిలో తనకు చోటు లేదో ఆ గదినే తన చేత మాట్లాడించారు కదా! మల్లీశ్వరి గొడవ చేయలేదు, శాపనార్థాలు పెట్టలేదు. లేచి నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. గొంగడి దించింది. దాని మీది వేపాకులు దులిపి, దాని ఒక మూలకు బండారు ముడి వేసి చెల్లెలి ఒడిలో పెట్టింది.

"ముడి ఇప్పేటప్పుడు బీరప్పను మొక్కుకో. పిల్ల బయపడితె నవ్విచ్చు..." అంది. పెరట్లోకి వెళ్ళి గొర్రెపిల్లను ఒళ్ళోకి లాక్కుని, దాని మెడలో మొహం దాచుకుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

మర్నాడు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం పక్కింట్లో కూర్చుని ఉన్న అత్త లక్ష్మీనర్సమ్మకు పెళ్ళిమాట ఎవరూ చెప్పలేదు. "నువ్వు రావా బిడ్డా?" అని ఆ ముసలమ్మ అడిగితే, "మంద ఉన్నది గదత్తా" అంది మల్లీశ్వరి. ఆటో మలుపు తిరిగేదాకా అత్త వెనక్కి చూస్తూనే ఉంది.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. సుమన! మాట కంటే ఏడుపే ఎక్కువగా వినిపిస్తోంది.

"అక్కా... నన్ను చెప్పుతోని కొట్టే! వాళ్లందరు వచ్చిండ్రు. హాలుల కూసున్నం. హిమజ వాళ్లమ్మ ఎంతో మర్యాదగ వదినగారూ, వదినగారూ అంటుంటె నాకు ముద్ద దిగలేదక్కా! బావ గొంగడి తీసిచ్చిండు. నేను ఇప్పి పరవబోతుంటె... అత్త లేచి వచ్చి దాని మీద కూసున్నది!"

"అత్తనా?" అంది మల్లీశ్వరి.

"అందరి ముంగట్నే అన్నదక్కా! 'నా కోడలు సచ్చిందా? సచ్చిన తల్లి జాగల గద ఇంకోలు పరిచేది! నా కోడలు బతికున్నది, ఇంటికాడ మందను కాస్తున్నది. ఆమె వడికిన ఉన్ని ఇది. ఆమె రాకుంట ఈ గొంగడి పరిస్తె నేను ఈడనే పానం ఇడుస్త!' అని నెత్తి కొట్టుకున్నది. నేను హిమజ వాళ్లమ్మ కాళ్ల మీద పడి అంత చెప్పేసిన. నేను తల్లిని కాదు, నాకు సదువు చెప్పిచ్చిన మా అక్క తల్లి... అని!"

మల్లీశ్వరి కళ్ళు ధారలు కట్టాయి. ఏ అత్తకు చెప్పకుండా దాచారో, ఆ అత్తే తనను బతికించింది! ఇంతలో ఫోను చేతులు మారింది. కొత్త గొంతు, కోస్తా గొంతు వినిపించింది.

"వదినగారూ, నేను హిమజ వాళ్ళమ్మనండీ. మాకు కోపం వచ్చింది, కాదనను. గొర్రెలు కాస్తారని కాదండీ... కన్నతల్లిని దాచినవాడు రేపు మా పిల్లనేం చూస్తాడోనని! హిమజ ఏడుస్తోంది. ఏం తేల్చాలన్నా మీరు రావాలండీ. మీరు లేకుండా మేం ఎవరితో మాట్లాడతాం?"

"వస్త వదినా..." అంది మల్లీశ్వరి. "వచ్చి, ఉన్నది ఉన్నట్టు మాట్లాడ్త. అటెంక మీ ఇష్టం."

చివర్లో శివకృష్ణ గొంతు. "అమ్మా... నన్ను మన్నించినవా?"

ఆమె అబద్ధం చెప్పలేదు.

"ఇంక లేదు బిడ్డా... గింత జల్ది ఎట్లయితది? వస్త. ఆ పిల్ల ఒప్పుకుంటె గొంగడి పరుస్త, అది నా చెయ్యి చేసే పని. మీ బాపుకు చెప్పు, స్టేషన్‌కాడ నా కోసం నిలవడొద్దని."

ఫోను పెట్టేసి, మందను చూసుకోమని పక్కింటి కాటమయ్యను పిలిచి చెప్పింది. తర్వాత లాడ్జికి ఫోను చేసింది.

"అమ్మా!" అన్నాడు సన్యాసిరావు, "హాల్లో జరిగిందంతా చూశానమ్మా. మొన్న మిమ్మల్ని అడగరాని మాట అడిగాను... క్షమించు తల్లీ!"

"నువ్వు తెల్వక అన్నవయ్యా. తెలిసి చేసినోళ్లు నా ఇంట్లనే ఉన్నరు. జర నాకొక గది గావాలె, ఒక్కదానికే. చిన్నదైన సరే, డాబాకు దగ్గరుండాలె."

"విడిగా ఎందుకమ్మా? మీవాళ్ళ గదిలో నాలుగో పరుపు ఉందిగా..."

"ఆ పరుపు తీసెయ్యి అయ్యా."

ఆయన మెల్లగా, "ఎవరి పేరు మీద రాయమంటారు తల్లీ?" అన్నాడు.

"మల్లీశ్వరి అని రాయి. పిలగాని తల్లి."

ఆయన రాసుకున్నానని చెప్పేదాకా ఆగి ఫోను పెట్టేసింది. దేవుడి గూట్లోని గవ్వను కొంగున కట్టుకుని, ఆకుపచ్చ చీర సంచిలో పెట్టుకుంది.