చలిగదిలో వెనక సీటు

ఆదివారం మధ్యాహ్నం. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వాహనాలను పరీక్షించే ఆ పెద్ద షెడ్డులో మాత్రం ఒక గది ఎప్పుడూ మంచుగడ్డలా ఉంటుంది. కొత్త వ్యాన్‌ని రాత్రంతా ఆ చలిగదిలో ఉంచి, మర్నాడు ఇంజిన్ లేస్తుందో లేదో చూడాలి. ఇదివరకు రెండుసార్లు మొరాయించింది. ఈసారీ లేవకపోతే టీమంతా మాట పడాలి. అందుకే సెలవని కూడా చూడకుండా ఆ టీమ్‌ని నడిపే లీడరమ్మ వచ్చింది.

ఆమెకు ఆ పేరు పెట్టింది బాబాయే. వరసకి ఏమీ కాడు. టెస్ట్ డ్రైవర్లలో పెద్దవాడు కాబట్టి అందరికీ బాబాయే.

"ఈ బండి అచ్చం మీ పిన్నిలాంటిదమ్మా. పొద్దున్న పలకరిస్తే సాయంత్రానికి పలుకుతుంది," అని నవ్వి, దళసరి కోటు తొడుక్కుని లోపలికెళ్లాడు. ఆమె బరువైన తలుపు మూసి, గాజు కిటికీ పక్కన మైకు ముందు కూర్చుంది. వ్యాన్‌లో మాట్లాడేది ఇక్కడి స్పీకర్‌లో వినిపిస్తుంది. షెడ్డులో మరో మనిషి లేడు.

ఇంజిన్ దగ్గింది, గునిసింది, లేచింది. ఆమె గుండెల మీంచి బండ దిగింది.

"చాలు బాబాయ్, ఆపేసి వచ్చెయ్."

ఇంజిన్ ఆగింది. అతను మాత్రం దిగలేదు. కాసేపటికి స్పీకర్‌లో గొంతు, బాగా తగ్గించి...

"ఇంకాసేపు ఉండమంటున్నావుగా?"

"నేనెప్పుడన్నాను?"

వ్యాన్ అద్దాలన్నీ తెల్లటి మంచు పట్టి ఉన్నాయి. వెనక అద్దం మీద మాత్రం, లోపలివైపు, ఒక్కచోట గుండ్రంగా కరుగుతోంది. ఎవరో ఆనుకుని ఊపిరి వదులుతున్నట్టు.

"బాబాయ్... వెనక ఎవరున్నారు?"

"అదేంటమ్మా. ఎక్కింది నువ్వేగా."

ఆమె మైకు మీదికి వంగింది. "నేను బయటున్నాను. కిటికీ వైపు చూడు."

అతను పక్క అద్దం మీద మంచు చేత్తో తుడిచి చూశాడు. ఆమెనే చూశాడు. తర్వాత తల వెనక్కి తిప్పి గుసగుసగా అన్నాడు.

"అవునమ్మా... అచ్చం నీలాగే ఉంది. తలుపు తియ్యనులే."

టక్కుమని వ్యాన్ తలుపులకు తాళాలు పడ్డాయి.

కోటు సంగతి కూడా మరిచి ఆమె లోపలికి పరిగెత్తింది. చలి కత్తిలా దిగింది. అద్దం బాదింది. అతను కళ్లు మూసుకుని అడ్డంగా తలూపుతున్నాడు. పెదాలు నీలం తిరిగాయి. తన దగ్గరున్న రెండో తాళంచెవి పెట్టి తిప్పింది. తలుపు తెరుచుకోగానే ఏళ్లతరబడి మూసిన గది వాసన. వెనక సీటు ఖాళీ. రెండోసారి చూడలేదు. చంకల కింద చేతులేసి అతన్ని బయటికి ఈడ్చుకొచ్చి, చలిగది తలుపు గడియ పెట్టేసింది.

ఎండ పడేచోట కూర్చోబెట్టి, దుప్పటి కప్పి, చేతులు రుద్దింది. మెల్లగా ముఖంలో రంగు వచ్చింది.

"నువ్వేనా అమ్మా?"

"నేనే బాబాయ్. ఏం కాలేదు. నేనే."

అతను ఆమె వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

వెనకాల స్పీకర్ చిటపటలాడింది. పళ్లు టకటకా కొట్టుకుంటున్న చప్పుడు. ఆ వెంటనే గొంతు. ఆమె గొంతే. ఏడుపు ఆపుకుంటూ...

"బాబాయ్... ఎవరితో వెళ్లిపోయావు?"

అతను ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత, ఒక్కో వేలే విడిపించుకుంటూ, తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.