నవ్వితేనే బతికున్నట్టు

ఆ ఉదయం లోయలోంచి మబ్బు పైకి పాకుతోంది. మొక్కజొన్న చేలను మింగింది, వంతెనను మింగింది, యూకలిప్టస్ తోపు దగ్గరకొచ్చి అలసిన మనిషిలా కాసేపు ఆగింది. పైన ఆకాశం మాత్రం తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. నెలిదా వాకిట్లో నిలబడి పైకీ కిందికీ మార్చి మార్చి చూసింది. మబ్బు శ్మశానం గోడ దాకా ఎక్కిందంటే ఫోనుకు సిగ్నల్ పోతుంది. కరువాలోమా ఊరు మొత్తానికి సిగ్నల్ అందేది ఆ గోడ దగ్గరే.

"అమ్మా, కదులు. మబ్బు వచ్చేస్తోంది."

"మబ్బు రోజూ వస్తుంది," అంది లోపలినుంచి దొమితీలా.

"గడువు రోజూ రాదు. ఇవాళే ఆఖరు."

నెలిదా పాల బిందె ఎత్తింది, మళ్ళీ దించింది. చీపురు అందుకుని, ఊడ్చిన వాకిలినే ఇంకోసారి ఊడ్చింది. ఫోను తీసి చార్జి చూసుకుంది. కాళ్ళు ఒక్కచోట నిలవడం లేదు.

దొమితీలాకు డెబ్బై దాటాయి. భర్త పేరు అనాక్లెతో. ఆయన పోయి ఇంకా ఏడాది తిరగలేదు. ఆయన రోడ్డు పనివాడు. బతికినంతకాలం కొండదారి మీద జారిపడిన మట్టిని పారతో లోయలోకి తోసినవాడు. ఆయన పింఛనే ఇప్పుడు ఆమె పేరుకు మారింది. ఆమె కంటి చుక్కలమందు ఆ డబ్బుతోనే వస్తుంది. చుక్కలు ఆగితే చూపు కూడా ఆగుతుందని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

పింఛను తీసుకునే ముసలివాళ్ళు ఏటా తాము బతికే ఉన్నామని చూపించాలి. ఇదివరకు ఆ పని పండగలా జరిగేది. పింఛను ఆఫీసు గుమాస్తా జీపులో వచ్చి చర్చి ముందు బల్ల వేసుకునేవాడు. ముసలివాళ్ళు టోపీలు దులుపుకుని వరసలో నిలబడేవాళ్ళు. గుమాస్తా ఒక్కొక్కరి ముఖం చూసి, "ఇంకా ఉన్నావా?" అనేవాడు. "నీకు పని ఉండొద్దా మరి," అని వాళ్ళు వేలిముద్ర వేసేవాళ్ళు. ఆ జీపు రావడం మానేసింది. ఇప్పుడు ఫోను తెర మీద గుండ్రటి గీత కనబడుతుంది. అందులో ముఖం పెట్టాలి. కళ్ళు ఆర్పమంటే ఆర్పాలి, తల తిప్పమంటే తిప్పాలి, నవ్వమంటే నవ్వాలి. అప్పుడుగాని మనిషి బతికున్నట్టు కాదు.

దొమితీలా ఆర్పింది, తిప్పింది. నవ్వలేదు. పోయిన వారం ఓసారి గోడ దాకా ఎక్కి దిగారు, మొన్న ఓసారి ఎక్కి దిగారు. ఇంకొక్కసారి తప్పితే పింఛను నిలిపేస్తామని ఫోను చెప్పింది.

చివరికి ఆమె బయటికి వచ్చింది. నల్ల శాలువా, నల్ల లంగా, వెడల్పాటి గడ్డి టోపీకి చుట్టూ నల్ల రిబ్బను. అల్లుడు తెయోఫిలో ఆమె కూర్చోవడానికి ముక్కాలిపీట చంకన పెట్టుకున్నాడు.

"పెళ్ళికూతురిలా ముస్తాబైంది మా అత్త," అన్నాడు.

"నోరు ముయ్యి, అల్లుడూ. గాడిదకు గడ్డి వేశావా?"

"వేశాను. గాడిద నవ్వింది కూడా. ఫోను దానికి చూపిస్తే పింఛను ఇచ్చేసేవాళ్ళు."

దొమితీలా పెదవి కదలలేదు. నెలిదా మొగుడి వైపు కొరకొరా చూసింది.

దారి నిటారుగా ఉంది. నెలిదా నాలుగడుగులు ముందుకు వెళ్ళడం, వెనక్కి తిరిగి ముందు మబ్బును, తరవాత తల్లిని చూడడం, మళ్ళీ నడవడం. తెయోఫిలో ఆయాసపడుతూ అన్నాడు:

"ఇదంతా ఎందుకే? దోన్యా ఎర్లిందా దగ్గర బతికున్నట్టు కాగితం రాయించి పంపితే సరిపోదూ?"

దోన్యా అని అందరూ గౌరవంగా పిలిచే ఎర్లిందా ఊరి న్యాయాధికారిణి. ఊళ్ళో గొడవలు తీర్చేదీ, సంతకం పెట్టి ముద్ర వేసేదీ ఆవిడే.

"సరిపోతుంది. ఆ కాగితం కొండ దిగి, రాజధాని లీమా చేరి, ఎవడో ఒకడు దాన్ని తెరిచి చూసి, పింఛను మళ్ళీ మొదలయ్యేసరికి నెలలు పడుతుంది. ఈలోగా చుక్కలమందు నువ్వు కొంటావా?" అంది నెలిదా. "ఒక్క నవ్వయ్యా! అడిగింది ఒక్క నవ్వు! అది కూడా ఇవ్వదట ఈవిడ."

"ఏడాది తిరగలేదు," అంది వెనకనుంచి దొమితీలా. ఆ మాట నెలిదాకు తెలియనిది కాదు. ఇంట్లో మనిషి పోతే ఏడాది పాటు రేడియో పెట్టరు, పాట పాడరు, పళ్ళు కనబడేలా నవ్వరు. కానీ ఆ ఏడాది సంగతి ఫోనుకు ఎవరు చెబుతారు?

గోడ దగ్గర అప్పటికే ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి తిరుగుతున్నారు. ఎద్దు బేరం తెగక ఎవరితోనో అరుస్తున్న ఊరివాడు మెల్చోర్ వాళ్ళను చూసి ఫోను చెవినుంచి తీశాడు.

"ఏం దోన్యా దొమితీలా, బతికున్నట్టు చూపించుకోవడానికి వచ్చావా? ఈ కొండ ఎక్కావు, అదే చాలదూ వాళ్ళకి?"

"నువ్వే చెప్పు వాళ్ళకి," అంది ఆమె.

గోడకు అవతల, చేయి చాపితే అందేంత దూరంలో, అనాక్లెతో సమాధి మీది నీలం శిలువ ఉంది. దొమితీలా టోపీ అంచు తాకి ఆయనకు దణ్ణం పెట్టుకుంది. తెయోఫిలో పీట వేశాడు. ఆమె కూర్చుంది. నెలిదా ఆమె టోపీ తీసి తన చంకలో పెట్టుకుని, ముఖం మీద పడిన తెల్ల వెంట్రుకలను వెనక్కి దువ్వి, ఫోను ఎదురుగా పట్టింది. మబ్బు తోపు దాటేసింది.

ఫోనులోంచి ఒక పిల్ల గొంతు తియ్యగా పలికింది. కళ్ళు ఆర్పండి. దొమితీలా ఆర్పింది. తల కుడివైపు తిప్పండి. తిప్పింది. ఇప్పుడు చిరునవ్వు నవ్వండి.

దొమితీలా ఫోను కేసి చూసింది. తరవాత గోడ మీదుగా శిలువ కేసి చూసింది. మూతి బిగిసింది.

"నవ్వమ్మా."

ఉలుకు లేదు.

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను. ఒక్కసారి."

తెయోఫిలో నెలిదా వెనక చేరి తన టోపీ తిరగేసి పెట్టుకున్నాడు, చర్చి ఫాదరులా కళ్ళు పైకి తిప్పాడు. మెల్చోర్ పకపకా నవ్వాడు. దొమితీలా రాయిలా ఉంది.

"చిరునవ్వు నవ్వండి," అంది ఫోనులో పిల్ల మళ్ళీ.

"నవ్వు!" నెలిదా అరిచింది. గోడ దగ్గరున్నవాళ్ళందరూ తిరిగి చూశారు. "ఏం పట్టుదల అమ్మా ఇది? ఆ కళ్ళు పోతే నిన్ను చేయి పట్టుకుని దొడ్లోకి తీసుకెళ్ళేది ఎవరు? నేనేగా? ఎవరికోసం బిగుసుకుని కూర్చున్నావు? నాన్న పోయాడు. ఆయన చూడడం లేదు!"

దొమితీలా పీట మీంచి లేచింది. నెమ్మదిగా లేచింది, కానీ ఎవరి చేయీ పట్టుకోలేదు.

"నవ్వు రాక కాదే. మొన్న నీ మొగుడు గాడిద మీంచి జారి పేడలో కూర్చున్నప్పుడు పొయ్యి దగ్గర ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పళ్ళు కనబడేలాగే నవ్వాను."

"మరి ఇక్కడ ఏమైంది?"

"ఇక్కడ ఆయన ఉన్నాడు. ఆయనకి చేతకానిది ఆయన ఎదురుగానే చేసి చూపించమంటావా?"

నెలిదాకు అర్థం కాలేదు. "ఏం చేతకాలేదు నాన్నకి?"

"మరిచిపోయావా? ఆయన మూతి పక్షవాతంతో పక్కకి పోయిన ఏడాది. ఇదే గోడ, ఇలాగే మబ్బు. నవ్వమంది ఆ పిల్ల. ఆయన నవ్వాడు. పాపం సగం ముఖమే నవ్వింది. ఇది నవ్వు కాదంది ఫోను. నువ్వేం చేశావు? పడిపోయిన మూతి కొసని నీ వేలితో పైకెత్తి పట్టుకున్నావు. చెయ్యి అడ్డం తియ్యమంది. తీశావు. మూతి కిందికి జారింది. 'ఏంటి నాన్నా, నవ్వడం కూడా చేతకాదా నీకు?' అన్నావు."

"తొందరలో అన్నానమ్మా. మబ్బు వచ్చేస్తోందని..."

"తొందరలోనే అన్నావు. నేను కాదనలేదు. తరవాత కహమార్కా పట్నం తీసుకెళ్ళి ఆఫీసు కిటికీ ముందు నిలబెట్టావు, పని జరిగింది. ఆ కిటికీ కూడా ఇప్పుడు మూసేశారు. కానీ ఇంటికొచ్చాక ఆయన ముక్కు దాకా మఫ్లర్ కట్టుకున్నాడు. తినేటప్పుడు గోడవైపు తిరిగేవాడు. నా ముఖం చూసి పిల్లలు జడుసుకుంటారేమో అన్నాడు నాతో. పోయేదాకా మళ్ళీ ఎవరి ముందూ నవ్వలేదు. నా ముందు కూడా."

నెలిదా చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. ఆ మఫ్లర్ ఆమెకు గుర్తుంది. నాన్నకు చలి ఎక్కువైందనుకుంది. సంతలో మెత్తటి ఉన్ని బేరమాడి కొని, పొయ్యి పక్కన కూర్చుని, ఇంకా దళసరి మఫ్లర్ తనే అల్లి ఇచ్చింది. ఆయన తీసుకుని కళ్ళదాకా చుట్టుకుని, బాగుందన్నట్టు తల ఊపాడు. ఆ రోజు తను ఎంత సంబరపడింది!

మబ్బు గోడ దగ్గరికి వచ్చింది. ముందు శిలువల కాళ్ళు పోయాయి, తరవాత శిలువలు పోయాయి. ఫోను తెర మీద గుండ్రటి గీత కాసేపు తిరిగి ఆరిపోయింది. మెల్చోర్ ఫోనులోకి "హలో, హలో" అని రెండుసార్లు అరిచి, ఎద్దును తిట్టుకుంటూ దిగిపోయాడు.

నెలిదా గోడ మీద కూలబడింది. ఏడుపు గొంతులోంచి కాదు, ఇంకా లోపలినుంచి వచ్చింది. తెయోఫిలో టోపీ సరిగ్గా పెట్టుకుని ఏం చేయాలో తోచక పీట ఎత్తాడు, దించాడు.

"నాకు తెలియదమ్మా. చలికి కట్టుకున్నాడనుకున్నాను. నాకు నిజంగా తెలియదు."

"తెలియదని నాకు తెలుసు. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు." దొమితీలా శాలువా కొసతో కూతురి ముఖం తుడిచింది, చిన్నపిల్లకు తుడిచినట్టు గట్టిగా, ముక్కుతో సహా. "నువ్వు అల్లిన మఫ్లర్ ఆయన మీదే పెట్టి పంపాను. అది తీయొద్దని ముందే చెప్పాడు. నా కూతురు అల్లిందన్నాడు. ఇక లే. మంచులో ఏడిస్తే జలుబు పట్టుకుంటుంది."

నెలిదా లేచి గోడ మీదుగా చేయి చాపింది. మబ్బులో శిలువ కనబడలేదు. తడుముకుంది. తడి కొయ్య చేతికి తగిలాక కాసేపు అలాగే పట్టుకుని నిలబడింది. తరవాత ఫోను జేబులో పెట్టుకుని, టోపీ తల్లి నెత్తిన పెట్టి, చెయ్యి అందించింది. ఈసారి దొమితీలా ఆ చెయ్యి పట్టుకుంది. దిగేటప్పుడు నెలిదా ముందుకు పరుగెత్తలేదు. తల్లి అడుగు ఎక్కడ పడితే అక్కడే ఆగింది.

"ఏమయ్యా," అంది దారిలో మొగుడితో. "నువ్వు అటునుంచటే ఎర్లిందా ఇంటికి వెళ్ళు. కాగితం రాయాలని చెప్పు."

"మరి మందు? నెలలు పడుతుందన్నావు?"

"నల్ల గొర్రెను అమ్ముదాం. చాలకపోతే దాని పిల్లను కూడా."

దొమితీలా కూతురి చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. నెలిదా పొయ్యి రాజేసి, బంగాళాదుంపల చారులో పచ్చి ఆకుల ముద్ద కలిపి, గుడ్లు కొట్టి వేసింది. మూకుట్లో మొక్కజొన్న గింజలు వేయించింది. తెయోఫిలో తడిసి ముద్దయి వచ్చాడు.

"రేపు పొద్దున్నే రమ్మంది. మీ అత్త బతికే ఉందా అని అడిగింది. పొద్దుటినుంచి నన్ను తిడుతూనే ఉంది, రాసెయ్యమన్నాను. కుదరదట. తన ముందు కూర్చోవాలట, ముఖం చూడాలట, నాలుగు మాటలు మాట్లాడాలట. కాఫీ కూడా ఇస్తుందట."

"నవ్వాలందా?" అని అడిగింది నెలిదా.

"ఆవిడే పదేళ్ళుగా నవ్వలేదు. మనల్నేం అడుగుతుంది?"

ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. నెలిదా చారు వడ్డించింది. దొమితీలా తన గిన్నెలోంచి గుడ్డు తీసి కూతురి గిన్నెలో వేసింది. నెలిదా దాన్ని చెంచాతో రెండు చేసి, పచ్చసొన ఉన్న సగం తల్లి గిన్నెలోకి తిరిగి వేసింది. తెయోఫిలో ఏదో అనడానికి నోరు తెరిచాడు. ఇద్దరి ముఖాలూ చూసి, ఆ నోట్లో నాలుగు మొక్కజొన్న గింజలు వేసుకున్నాడు. రేకుల కప్పు మీద వాన గట్టిగా పడుతోంది. గిన్నెలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.